రన్‌రిగ్ ఎలా పుట్టింది, ఎలా ఎదిగింది: తరచుగా అడిగే ప్రశ్నలు

రన్‌రిగ్ పాట ఎవరికి పంపినా తిరిగొచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇదేం భాష? అది సన్నాయా, బ్యాగ్‌పైపా? వీళ్లు రాక్ వాళ్లా, జానపదం వాళ్లా? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి విసిగి, చివరికి అన్నీ ఒకచోట చేర్చాను. ఎక్కువగా 1973 నుంచి 1988 వరకు నడిచిన కథ ఇది. చాలామంది దాటేసే కాలం అదే, నాకు ఇష్టమైన కాలమూ అదే. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదువుకోండి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

అసలు రన్‌రిగ్ అంటే ఎవరు? క్లుప్తంగా చెప్పండి

స్కాట్లాండ్ వాయవ్య తీరంలోని స్కై ద్వీపంలో 1973లో మొదలైన బృందం. రోరీ మెక్‌డొనాల్డ్, కాలమ్ మెక్‌డొనాల్డ్ అనే అన్నదమ్ములు, అకార్డియన్ వాయించే బ్లెయిర్ డగ్లస్, ఈ ముగ్గురితో మొదలైంది. ఊళ్లలో డాన్సులకు వాయిస్తూ మొదలై, స్కాట్లాండ్‌లో మైదానాలు నింపే స్థాయికి చేరింది. 45 ఏళ్లలో 14 స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. 2018 ఆగస్టులో స్టిర్లింగ్‌లో, కోట నీడలో రెండు రాత్రులు వాయించి ముగించింది.

ఆ పేరేంటి అలా ఉంది? పరుగుకి సంబంధించిందా?

పరుగుతో సంబంధం లేదు, పొలంతో ఉంది. స్కాట్లాండ్ ఉత్తర, పడమర కొండప్రాంతమైన హైల్యాండ్స్‌లో ఒకప్పుడు ఊరి భూమిని సన్నటి పట్టీలుగా చీల్చి కుటుంబాలకు పంచేవారు. ఏ పట్టీ ఎవరికీ శాశ్వతం కాదు. కొంతకాలానికి చీట్లు వేసి మళ్లీ పంచుకునేవారు. మంచి నేల ఒకరికే, రాళ్ల నేల ఇంకొకరికే మిగిలిపోకుండా చూసే ఏర్పాటు. మన ఊళ్లలో చెరువు నీళ్లకు వంతులు వేసుకోవడం గుర్తొస్తుంది. దాన్నే రన్ రిగ్ అనేవారు. 18వ శతాబ్దం చివరి నుంచి భూస్వాములు ఆ పద్ధతిని తీసేశారు. తర్వాత చాలా ఊళ్లను ఖాళీ చేయించి గొర్రెల మందలకు అప్పగించారు. ఒక డాన్సు బ్యాండుకి పెట్టుకోవడానికి ఇది బరువైన పేరే. పేరులో ఉన్న ఆ భూమి పాటల్లోకి రావడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

గేలిక్ అనాలా, గాలిక్ అనాలా?

రన్‌రిగ్ ఇంగ్లీషుతో పాటు పాడే స్కాట్లాండ్ భాషను అక్కడివాళ్లు 'గాలిక్' అంటారు. 'గేలిక్' అంటే ఐర్లండ్ వైపు మాట అనిపిస్తుంది. రెండూ అక్కచెల్లెళ్ల లాంటి భాషలే, అయినా వేరు భాషలు. స్కాట్లాండ్‌లోనే 'స్కాట్స్' అని మరో భాష ఉంది. అది ఇంగ్లీషుకి దగ్గరి చుట్టం, గాలిక్‌కి ఏమీ కాదు. 1980ల మొదట్లో గాలిక్ మాట్లాడేవాళ్లు సుమారు 80 వేల మంది. మన దగ్గర ఒక మోస్తరు పట్టణం జనాభా అంత.

సెమీ-అకౌస్టిక్ అంటే గిటార్ రకం కదా? బ్యాండ్‌ని అలా ఎందుకంటారు?

రెండు అర్థాలూ ఉన్నాయి. గిటార్ గురించి అంటే, లోపల డొల్లగా ఉండి, తీగల శబ్దాన్ని కరెంటుకి అందించే పికప్‌లు కూడా అమర్చినది. బ్యాండు గురించి అంటే, కరెంటు అక్కర్లేని వాయిద్యాలూ కరెంటువీ కలిపి వాయించేవాళ్లని. రన్‌రిగ్ రెండో లెక్కలోకి వస్తుంది. ఒక పక్క అకార్డియన్, అకౌస్టిక్ గిటార్, సంచిలో గాలి నింపి వాయించే బ్యాగ్‌పైప్. ఇంకో పక్క ఎలక్ట్రిక్ గిటార్, బాస్, డ్రమ్స్, తర్వాత కీబోర్డులు. పాళ్లు ఏళ్లతో మారాయి. 1978లో మొదటి పక్క బరువు, 1989కి రెండో పక్క బరువు. ఆ తూకం ఎటు మొగ్గాలన్నది అభిమానుల మధ్య ఇప్పటికీ తెగని వాదన.

## పుట్టుక: 1973 నుంచి 1978

మొదట్లో పెళ్లిళ్లకి, పేరంటాలకి వాయించే బ్యాండేనా?

అవును, అందులో దాపరికం ఏమీ లేదు. మొదటి పేరే 'ద రన్ రిగ్ డాన్స్ బ్యాండ్'. హైల్యాండ్ ఊళ్లలో సాయంత్రం అందరూ హాల్లో చేరి పాడుకునే, ఆడుకునే కూడికను 'కేలీ' అంటారు. అకార్డియన్ అందుకోగానే ముసలీముతకా, పిల్లాజెల్లా అందరూ లేచి జంటలు కట్టాల్సిందే. అక్కడ వాయించేవాళ్లకి ఒకే పరీక్ష ఉంటుంది: జనం లేచి ఆడారా, కూర్చుండిపోయారా? ఆ హాళ్లలో ఏళ్ల తరబడి వాయించడం వల్లే తర్వాత ఎంత పెద్ద మైదానంలోనైనా జనాన్ని కదిలించడం వీళ్లకి తెలిసిందని నా నమ్మకం. స్టూడియోలో పుట్టిన బ్యాండ్లకి ఆ విద్య అంత తేలిగ్గా అబ్బదు.

స్కై బ్యాండ్ కదా, మొదటి కచేరీ గ్లాస్గోలో ఎందుకు?

ఎందుకంటే హైల్యాండ్ జనం సగం గ్లాస్గోలోనే ఉన్నారు. పొలాలు పోయినవాళ్లు, ఓడల కర్మాగారాల్లో పని వెతుక్కున్నవాళ్లు, నర్సులు, పోలీసులు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, తరాల తరబడి అందరిదీ అదే దారి. సెంట్రల్ స్టేషన్ పక్కన ఆర్గైల్ వీధి మీదుగా పోయే రైలు వంతెనకి 'హైల్యాండర్ల గొడుగు' అని పేరు. ఆ నగరంలో తడవకుండా నిలబడి ఊరివాళ్లని కలుసుకోవడానికి దొరికిన చోటు అది. ఒక్కో ద్వీపానికి ఒక్కో సంఘం ఉండేది. అమెరికాలో మనవాళ్ల సంఘాలు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అలాంటి నార్త్ యూయిస్ట్, బెర్నరే ద్వీపాల సంఘం కెల్విన్ హాల్లో జరిపిన కూడికే రన్‌రిగ్ మొదటి కచేరీ అని బ్యాండు వాళ్లే చెప్పుకున్నారు. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ముల బాల్యానికి నార్త్ యూయిస్ట్‌తో ముడి ఉంది. కాలమ్ పుట్టింది ఆ ద్వీపంలోని లోక్‌మాడీలోనే.

అంటే మొదటి రోజు నుంచే వీళ్ల శ్రోతలు రెండు చోట్ల ఉన్నారు: ఊళ్లో ఉండిపోయినవాళ్లు, ఊరు వదిలి వచ్చినవాళ్లు. రన్‌రిగ్ ఎదుగుదలను ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

సరిగ్గా 1973లోనే ఎందుకు? యాదృచ్ఛికమా?

ఆ ఏడాది స్కై చుట్టుపక్కల ఏం జరిగిందో చూడండి. అంతకు ఏడాది ముందే, 1972లో, 'వెస్ట్ హైల్యాండ్ ఫ్రీ ప్రెస్' అనే వారపత్రిక స్కైలో మొదలై భూస్వాములను నిలదీయడం మొదలుపెట్టింది. 1973లో ద్వీపం దక్షిణాన స్లీట్‌లో 'సావల్ మోర్ ఓస్టిగ్' అనే గాలిక్ కాలేజీ పుట్టింది. ఆ పేరుకి అర్థం ఓస్టిగ్‌లోని పెద్ద ధాన్యపు కొట్టం. నిజంగానే పాత కొట్టంలోనే పెట్టారు. అదే ఏడాది 7:84 అనే నాటక బృందం, భూముల నుంచి జనాన్ని గెంటేసిన కథని కేలీ రూపంలో నాటకంగా మలిచి హైల్యాండ్ ఊళ్ల హాళ్లలో ఆడింది. ఉత్తర సముద్రంలో చమురు బయటపడి, అది ఎవరిదన్న తగువు కూడా అప్పుడే రాజుకుంది. గాలి అలా వీస్తున్నప్పుడు ముగ్గురు కుర్రాళ్లు వాయిద్యాలు అందుకున్నారు. ఎవరూ పథకం వేసింది కాదు, అలాగని ఒకదానితో ఒకటి సంబంధం లేనివీ కావు.

డానీ మన్రో మొదటి నుంచీ ఉన్నాడా?

లేదు. 1974లో వచ్చాడు. స్కై ఉత్తరాన ఊయిగ్ అనే ఊరివాడు. చిత్రకళ చదివి, బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాడు. వేదిక మీద ముందు నిలబడి పాడే మనిషి దొరకడంతో డాన్సు బ్యాండు పాటల బ్యాండుగా మారే వీలు కలిగింది. 1980ల్లో చాలామందికి రన్‌రిగ్ అంటే ఆ గొంతే. అలాగని అన్ని పాటలూ అతనే పాడలేదు, రోరీ పాడినవీ చాలా ఉన్నాయి.

పాటలు రాసింది ఎవరు?

మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు. మాటల భారం ఎక్కువగా కాలమ్‌ది, బాణీ రోరీది. పెద్దవాడు రోరీ 1949లో, చిన్నవాడు కాలమ్ 1953లో పుట్టారు. బృందంలో ఎవరు వచ్చినా ఎవరు పోయినా 1973 నుంచి 2018 దాకా కదలకుండా ఉన్నది ఈ ఇద్దరే. కాలమ్ మొదట్లో డ్రమ్స్ వాయించేవాడు. 1980లో ఇయన్ బేన్ డ్రమ్మరుగా వచ్చాక చిన్న తాళ వాయిద్యాలకి మారి, వేదిక మీద కాస్త పక్కకు జరిగాడు. తన పాటలకు వేలమంది గొంతు కలుపుతుంటే పక్కన నిలబడి తాళం వేసే కవి.

మొదటి ఆల్బమ్ మొత్తం గాలిక్‌లోనేనట. ధైర్యమా, తెలియనితనమా?

1978లో వచ్చిన 'ప్లే గాలిక్' గురించి అడుగుతున్నారు. పేరులోనే ఉంది, మొత్తం గాలిక్. దాని వింత తెలియాలంటే అప్పటి పరిస్థితి తెలియాలి. 1872 విద్యా చట్టం బడుల్లో గాలిక్‌కి చోటే పెట్టలేదు. ఇంట్లో గాలిక్, బడిలో ఇంగ్లీషు. అమ్మ మాట చదువుకి పనికిరాదన్న భావనలో తరాలు పెరిగాయి. రేడియోలో గాలిక్ పాట వినబడేది, కానీ అది బృందగానంగానో, పోటీల్లో నిటారుగా నిలబడి పాడే పాటగానో ఉండేది. కుర్రకారు తమ ప్రేమలు, తమ చిరాకులు గాలిక్‌లో కొత్తగా రాసుకుని గిటారుతో పాడటం దాదాపు లేదు. రన్‌రిగ్ చేసింది అది. పాత పాటలను పునరుద్ధరించడం కాదు, కొత్త పాటలు రాయడం.

వినడానికి ఆల్బమ్ మెత్తగా ఉంటుంది. అకార్డియన్, అకౌస్టిక్ గిటార్, గొంతులు. రాక్ అనిపించదు. తర్వాతి రన్‌రిగ్ విని దీని దగ్గరకు వచ్చినవాళ్లు 'ఇదేంటి, ఇంత సాదాగా ఉంది' అంటారు. నాకు మాత్రం వంటగది పక్క గదిలో కూర్చుని పాడుకున్నట్టుండే ఆ సాదాతనమే ఇష్టం.

## సొంత దారి: 1979 నుంచి 1984

సొంత రికార్డు కంపెనీ ఎందుకు పెట్టుకున్నారు?

లండన్ కంపెనీలకి గాలిక్ పాట అక్కర్లేదు. జానపద కంపెనీలకి ఎలక్ట్రిక్ గిటార్ గిట్టదు. మధ్యలో ఉన్నవాళ్లు తమ గూడు తామే కట్టుకోవాలి. 1979లో రెండో ఆల్బమ్ 'ద హైల్యాండ్ కనెక్షన్' కోసం 'రిడ్జ్ రికార్డ్స్' పెట్టుకున్నారు. రిగ్ అన్నా రిడ్జ్ అన్నా దున్నిన చాలు గట్టే, పేరు అక్కడి నుంచే. లాభం నెమ్మది, రికార్డులు ఊరికి చేర్చే తిప్పలు తమవే, కానీ ఏ భాషలో పాడాలో చెప్పేవాడు లేడు.

మాల్కమ్ జోన్స్ వచ్చాక బ్యాండ్ మారిపోయిందంటారు. ఏం మారింది?

శబ్దం మారింది. 1978లో చేరిన మాల్కమ్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు, బ్యాగ్‌పైప్ వాయిస్తాడు, అకార్డియన్ కూడా. అసలు విశేషం ఏమిటంటే, అతని గిటార్‌లో పైప్ పలుకుతుంది. బ్యాగ్‌పైప్‌లో స్వరాన్ని మధ్యలో ఆపడం కుదరదు. గాలి పోతూనే ఉంటుంది. అందుకని ఒక స్వరం నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మధ్యలో చిన్న చిన్న స్వరాలు చిటికెల్లా దూర్చి విడదీస్తారు. మన గమకాలకి అవి దూరపు బంధువులు. మాల్కమ్ వాటినే తీగల మీదకి తెచ్చాడు. అమెరికన్ బ్లూస్ వంపులు కాకుండా పైప్ వంపులతో గిటార్ సోలో వస్తే ఎలా ఉంటుందో 'ద హైల్యాండ్ కనెక్షన్'లో మొదటిసారి వినిపిస్తుంది. రెండు ఆల్బమ్‌ల మధ్య తేడా ఒక్క ఏడాదే. వింటే పదేళ్ల తేడా అనిపిస్తుంది.

బ్యాగ్‌పైప్‌ని రాక్‌లో కలపడం అంత కష్టమా?

కష్టమే. హైల్యాండ్ పైప్‌లో స్వరాలు తొమ్మిదే. శబ్దం పెంచడం తగ్గించడం ఉండదు, ఊదితే మొత్తం, లేకపోతే ఏమీ లేదు. శ్రుతి కూడా మామూలు గిటార్ శ్రుతికి సరిగ్గా కుదరదు, కొంచెం పైకి ఉంటుంది. భుజం మీద ఉండే డ్రోన్ గొట్టాలు నాదస్వరం మేళంలో ఒత్తు లాగా ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటాయి. పాట రాగం మారితే అవి మారవు. కాబట్టి పాటే పైప్ దగ్గరకి నడిచి రావాలి. రన్‌రిగ్ దాన్ని పాటంతా కాకుండా కొన్ని చోట్లే వాడింది. వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఎప్పుడూ ఉంటే తలనొప్పి వచ్చేది.

'లాక్ లోమండ్' వాళ్లు రాసిన పాటేనా?

కాదు. అది చాలా పాత పాట, 1841 నాటికే అచ్చులో ఉంది. బ్రిటన్ రాజు మీద లేచిన 1745 తిరుగుబాటులో పట్టుబడి ఉరికి వెళ్తున్న సైనికుడు పాడాడని జనం చెప్పుకునే కథ. పై దారిన నువ్వు బతికి వెళ్తావు, కింది దారిన నా ఆత్మ నీకంటే ముందే ఊరు చేరుతుంది అన్న భావం. రన్‌రిగ్ దాన్ని 1979 ఆల్బమ్‌లో పాడింది. 1980ల మొదట్లో సింగిల్‌గా తెచ్చింది. నెమ్మదిగా మొదలుపెట్టి, డ్రమ్స్ పడగానే గంతులు వేయించే పద్ధతి వీళ్లది. ఇప్పుడు స్కాట్లాండ్‌లో పెళ్లి విందు చివర అందరూ చేతులు పట్టుకుని వలయం కట్టి, చరణం రాగానే మధ్యలోకి దూసుకెళ్లే పాట ఇదే. చావు పాటని పెళ్లి పాట చేసేశారు. 2007లో ఫుట్‌బాల్ అభిమానులతో కలిసి ఒక ధర్మకార్యం కోసం మళ్లీ పాడితే బ్రిటన్ చార్టుల్లో 9వ స్థానం దాకా వెళ్లింది.

'డాన్స్ కాల్డ్ అమెరికా' అంటే అమెరికా వాళ్ల డాన్సా?

కాదు, వలస గురించిన పాట ఇది. 1773లో శామ్యూల్ జాన్సన్, జేమ్స్ బాస్వెల్ అనే ఇద్దరు రచయితలు హైల్యాండ్స్ తిరిగారు. స్కైలో ఒక రాత్రి జనం 'అమెరికా' అనే డాన్సు ఆడటం చూశానని బాస్వెల్ రాసుకున్నాడు. ఒక జంట మొదలుపెడుతుంది, తర్వాత ఇంకో జంట, అలా అందరూ ఆ సుడిలోకి వచ్చేస్తారు. ఒక ఇంటివాళ్లు ఓడెక్కితే పక్కింటివాళ్లకి ఆశ పుట్టి, ఊరంతా ఖాళీ అవడాన్ని డాన్సుగా ఆడుతున్నారన్నమాట. రన్‌రిగ్ ఆ దృశ్యాన్ని తీసుకుని, పోయినవాళ్లు ఆశతో పోయారా, గెంటితే పోయారా అని అడుగుతుంది. 1984లో సింగిల్‌గా వచ్చింది. జనం దానికి గెంతుతూ ఆడతారు, మాటలు వింటే గెంతాలనిపించదు.

'రికవరీ' ఆల్బమ్‌ని అందరూ ఎందుకు అంత గొప్పగా చెబుతారు?

1981లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో బ్యాండు పేరుకి అర్థం దొరికింది. భూమి, భాష, చరిత్ర సూటిగా పాటల్లోకి వచ్చాయి. 1882లో స్కైలోనే బ్రేస్ అనే చోట రైతులు గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసులను ఎదిరించారు. ఆ పోరాటాల ఫలితంగా 1886లో కౌలు రైతుకి భూమి మీద భద్రత ఇచ్చే చట్టం వచ్చింది. బడి పుస్తకాల్లో అప్పటికి ఇవి పెద్దగా లేవు. అమ్మమ్మల నోట విన్న చరిత్రని డ్రమ్స్ మీద ఎక్కించిన ఆల్బమ్ అది. ఆ తర్వాత పేరు మోసిన 'ద బ్లూ నైల్' బ్యాండుకి చెందిన రాబర్ట్ బెల్ నిర్మాతగా పనిచేశాడు.

ఇంగ్లీషులో పాడటం మొదలుపెట్టడం రాజీ పడటం కాదా?

ఈ ప్రశ్న నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది తెలుగువాళ్లే. ఎందుకో మనకి తెలుసు.

నా అభిప్రాయం: కాదు. వాళ్ల తరం హైల్యాండర్లు రెండు భాషల్లో బతికారు. ఒకదానిలో కల కని ఇంకోదానిలో దరఖాస్తు రాసుకున్నారు. ఒక్క గాలిక్‌లోనే పాడితే బతుకులో సగం చెప్పినట్టు, ఒక్క ఇంగ్లీషులోనే అయితే మిగతా సగం దాచినట్టు. 1979 నుంచి ప్రతి ఆల్బమ్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరాక కూడా గాలిక్ పాటలు పోలేదు. ఇంగ్లీషు పాటల పాళ్లు పెరిగాయి, ఆ మాట నిజం. 1980ల చివర కొన్ని ఇంగ్లీషు పాటల్లో మాటలు కాస్త ఉబ్బినట్టుంటాయి, అదీ నిజం. కాలమ్ గాలిక్‌లో ఎంత పొదుపుగా రాస్తాడో ఇంగ్లీషులో అంత పొదుపు ఉండదని నాకనిపిస్తుంది. అది భాషతో ఉన్న చనువు వల్ల వచ్చిన తేడా, అమ్ముడుపోవడం వల్ల కాదు.

పైకి రావడానికి పదిహేనేళ్లు ఎందుకు పట్టింది?

ఒకటి, దూరం. 1995 దాకా స్కైకి వంతెన లేదు. వాయిద్యాలతో సహా పడవ మీద దాటాల్సిందే. రెండు, ఉద్యోగాలు. వీళ్లు చాలాకాలం జీతాల మీద బతుకుతూ ఖాళీ దొరికినప్పుడు వాయించారు. మూడు, లండన్ పత్రికలకి వీళ్లు ఏ అరలోనూ ఇమడలేదు. ఇవన్నీ అడ్డంకులే, కానీ ఆ ఆలస్యమే మేలైందేమో కూడా. 1988లో పెద్ద కంపెనీ వచ్చేసరికి వీళ్లకి ఐదు స్టూడియో ఆల్బమ్‌లు, సొంత లేబుల్, ఎక్కడ ఆడినా హాలు నింపే జనం ఉన్నారు.

## పైమెట్లు: 1985 నుంచి 1988

'హార్ట్‌ల్యాండ్' తర్వాతే నగరాల్లో పేరొచ్చిందా?

1985 నాటి ఆ ఆల్బమ్‌తో హైల్యాండ్ నేపథ్యం లేని నగర కుర్రకారు కూడా రావడం మొదలైంది. గాలిక్ ఒక్క ముక్క రాకపోయినా పాటలు శబ్దంతో సహా కంఠతా పట్టారు. మనకి మణిప్రవాళం, తమిళ కీర్తనలు వచ్చినట్టే. అర్థం తర్వాత వెతుక్కున్నారు. కొందరు గాలిక్ క్లాసులకి వెళ్లారు కూడా.

'ద కటర్ అండ్ ద క్లాన్'లో కటర్ అంటే ఎవరు?

పీట్ తవ్వేవాడు. తడినేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న గడ్డినేల అది. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. మన పిడకలకి ఉన్న చోటే ద్వీపాల్లో పీట్‌ది. వేసవిలో ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని. పరదేశంలో ఉన్నవాడు ఇంటికొచ్చి మళ్లీ ఆ పనిలో చెయ్యి కలపడం చుట్టూ పాట నడుస్తుంది. 1987లో ఈ ఆల్బమ్ కూడా సొంత రిడ్జ్ లేబుల్ మీదే వచ్చింది. గాయకుడిగా క్రిస్ రెయిన్‌బో అన్న పేరుతో తెలిసిన క్రిస్ హార్లీ నిర్మాత. శబ్దం శుభ్రపడింది, కీబోర్డులు విశాలమయ్యాయి. చాలామంది దీన్నే వాళ్ల అత్యుత్తమం అంటారు. నేనూ కాదనను.

యు2 ముందు వాయించారట, నిజమేనా?

నిజమే. 1987 ఆగస్టులో ఎడిన్‌బరో మర్రేఫీల్డ్ మైదానంలో ఐర్లండ్ రాక్ బ్యాండు యు2 కచేరీకి ముందు వాయించిన బ్యాండ్లలో రన్‌రిగ్ ఒకటి.

క్రిసాలిస్ కంపెనీయే వీళ్లని తయారుచేసిందంటారు కదా?

కాలం లెక్క చూస్తే తెలిసిపోతుంది. 1988లో క్రిసాలిస్‌తో ఒప్పందం. అప్పటికి బ్యాండుకి పదిహేనేళ్లు. కంపెనీ చేసిన మొదటి పనుల్లో ఒకటి, అప్పటికే వచ్చేసిన 'ద కటర్ అండ్ ద క్లాన్'ని తన పేరు మీద మళ్లీ విడుదల చేయడం. అదే ఏడాది 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్' అనే కచేరీ రికార్డు తెచ్చింది. జనం గొంతులు వాయిద్యాల్లో ఒకటిగా వినిపించే రికార్డు. ఆ జనాన్ని క్రిసాలిస్ పోగుచేయలేదు. కంపెనీ వల్ల వచ్చిందేమిటంటే దుకాణాలు, చార్టులు: 1989లో 'సెర్చ్‌లైట్' బ్రిటన్‌లో 11వ స్థానం, 1991లో 'ద బిగ్ వీల్' 4, 1993లో 'అమేజింగ్ థింగ్స్' 2.

కీబోర్డు వాయించినాయన ఎంపీ అయ్యాడా?

అవును, పీట్ విషార్ట్. 1986లో చేరి 2001లో వదిలి, ఆ ఏడాదే స్కాటిష్ నేషనల్ పార్టీ తరఫున వెస్ట్‌మినిస్టర్‌కి, అంటే బ్రిటన్ పార్లమెంటుకి గెలిచాడు. అక్కడ ఎంపీలతో కూడా ఒక బ్యాండు కట్టాడు.

## ఆ తర్వాత సంగతులు

లోమండ్ సరస్సు ఒడ్డున నిజంగా 50 వేల మంది వచ్చారా?

1991 జూన్‌లో బాలోక్ కోట పార్కులో జరిగిన కచేరీకి సుమారు 50 వేల మంది అని చెబుతారు. ఆ రోజుల్లో స్కై ద్వీపం మొత్తం జనాభా పది వేలు కూడా లేదు. 'లాక్ లోమండ్' పాటలో ఉన్న సరస్సు ఒడ్డునే ఆ పాట పాడారు.

గాలిక్ పాట ఎప్పుడైనా బ్రిటన్ చార్టుల్లో పైకి వెళ్లిందా?

1995లో వెళ్లింది. 'అన్ ఊవల్ అస్ ఆర్జ', అంటే 'అన్నిటికంటే ఎత్తున ఉన్న యాపిల్', 18వ స్థానానికి చేరింది. స్కాట్లాండ్ గాలిక్ పాట ఒకటి మొదటి 20లోకి రావడం అదే మొదలు. తమాషా ఏమిటంటే, 1987 ఆల్బమ్‌లో నిశ్శబ్దంగా పడున్న ఆ పాటని ఎనిమిదేళ్ల తర్వాత లేపింది కార్ల్స్‌బర్గ్ బీరు ప్రకటన.

డానీ మన్రో ఎందుకు వెళ్లిపోయాడు?

రాజకీయాల కోసం. 1991 నుంచి 1994 దాకా ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి రెక్టరుగా ఉన్నాడు. 1997లో లేబర్ పార్టీ అభ్యర్థిగా సొంత ప్రాంతంలో పోటీ చేసి, చార్లెస్ కెనడీ చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది బ్యాండులో డానీ స్థానంలోకి కెనడాలోని కేప్ బ్రెటన్ నుంచి బ్రూస్ గత్రో వచ్చాడు. హైల్యాండ్ వలసజనం స్థిరపడిన ద్వీపం అది. గాలిక్ పాటలు దాదాపు రోరీ చేతికి వెళ్లాయి.

వాళ్ల సీడీ అంతరిక్షంలోకి వెళ్లిందని విన్నాను. కట్టుకథేనా?

కాదు. 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా నౌకలోనే లారెల్ క్లార్క్ అనే వ్యోమగామి ఉంది. నౌకాదళ వైద్యురాలిగా ఒకప్పుడు స్కాట్లాండ్‌లో పనిచేసి రన్‌రిగ్ అభిమాని అయింది. 'ద స్టాంపింగ్ గ్రౌండ్' సీడీ వెంట తీసుకెళ్లింది. అంతరిక్షంలో ఒక ఉదయం ఆమెను నిద్రలేపిన పాట అందులోని 'రన్నింగ్ టు ద లైట్'. ఫిబ్రవరి 1న నౌక తిరిగొస్తూ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. శకలాల్లో ఆ సీడీ దొరికింది. కుటుంబం దాన్ని బ్యాండుకి అందజేసింది.

గ్లాస్గోలో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇప్పుడు వాళ్లని ఎక్కడైనా చూడొచ్చా?

బ్యాండుగా చూడలేరు, 2018తో అయిపోయింది. బ్రూస్ గత్రో 2023లో కన్నుమూశాడు. కానీ మీరున్న ఊరు మంచిది. క్లాస్‌మేట్ ఎవరైనా పెళ్లికి పిలిస్తే మానకండి, రాత్రి చివర వలయం కట్టగానే చేతులు కలపండి. వీలున్నప్పుడు ఆర్గైల్ వీధిలో ఆ రైలు వంతెన కింద ఒక్క నిమిషం నిలబడండి. గ్లాస్గో కాబట్టి వాన ఎలాగూ ఉంటుంది.

ఏదీ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రాక్ అలవాటున్నవాళ్లు 'ద కటర్ అండ్ ద క్లాన్' పెట్టుకోండి. మెత్తటి పాటలు ఇష్టమైతే 'ప్లే గాలిక్'. పాటల పుస్తకం ముందు పెట్టుకోకుండా, అర్థం వెతక్కుండా ఒకసారి వినండి. 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్' మాత్రం ఇయర్‌ఫోన్స్‌లో కాదు, స్పీకర్ల మీద, ఇంట్లో ఎవరూ పడుకోని వేళ.